ముందు కాయ విత్తనానికి, తర్వాతి కాయలు కూరకి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో తెగుళ్లు, ఎరువులు కాస్త పక్కకి జరిగి విత్తనాలు ముందుకొచ్చాయి. నాటు విత్తనాలు ఎక్కడ దొరుకుతాయని అడిగినవాళ్లే ఎక్కువ. దొరికినవాటిని ఎలా నిలుపుకోవాలని అడిగినవాళ్లు తక్కువ. నాకు మాత్రం రెండోదే అసలు ప్రశ్న. అందుకే దొరకడం సంగతి చివర్లో పెట్టాను. ఓపిక లేనివాళ్లు నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒకరి ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, ప్యాకెట్ మీద పెద్దగా ‘దేశీ టమాటా’ అని ఉంది. వెనక చిన్న అక్షరాల్లో ‘ఎఫ్1’ అని ఉంది. మొదటిసారి కాయలు బ్రహ్మాండంగా వచ్చాయి. వాటి గింజలు దాచి వేస్తే ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వచ్చింది. నన్ను మోసం చేశారా?

చిన్న అక్షరాలు మీకు నిజమే చెప్పాయి. పెద్ద అక్షరాల సంగతి వేరే. ఎఫ్1 అంటే రెండు వేర్వేరు రకాలను సంకరం చేస్తే వచ్చిన మొదటి తరం. ఆ తరం మొక్కలన్నీ ఒకే ఎత్తు, ఒకే కాపు, ఒకే రంగు. వాటి గింజలు వేశారా, తల్లి రకం గుణాలు, తండ్రి రకం గుణాలు విడిపోయి కొత్త కొత్త కలయికల్లో బయటపడతాయి. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కల మీద ఇదే చూసి 1866లో అచ్చు వేయించాడు. పొడుగు రకాన్ని పొట్టి రకంతో సంకరం చేస్తే మొదటి తరం అంతా పొడుగే. వాటి గింజలు వేస్తే సుమారు నాలుగింట ఒకటి మళ్లీ పొట్టిది. మీ టమాటాల్లో జరిగిందీ అదే, కాకపోతే ఒక గుణం కాదు, డజన్ల గుణాలు ఒకేసారి విడిపోయాయి.

ఇక్కడే ఇంకో అపోహ. హైబ్రిడ్ అంటే జన్యుమార్పిడి విత్తనం కాదు. ఒక రకం పువ్వు పుప్పొడిని ఇంకో రకం పువ్వుకి అంటించి చేసేది హైబ్రిడ్, మీ ఎఫ్1 కూడా అదే. అందులో విషమేమీ లేదు, తినండి. దాని గింజ దాచుకుంటే మాత్రం అదే కాయ మళ్లీ రాదు, అంతే.

మనం దాచదగ్గవి, ఏటా తన పోలికే తాను ఇచ్చే రకాలు. గాలికో, తేనెటీగలకో వదిలేసినా తన రకంలోనే పుప్పొడి అందుకుంటే అదే కాయ ఇస్తాయి. అలాంటి రకం ఒక ఇంట్లోనో ఊళ్లోనో తరాలుగా చేతులు మారుతూ వస్తే దాన్ని వారసత్వ రకం అంటున్నారు. కనీసం 50 ఏళ్ల చరిత్ర ఉండాలని కొందరు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదై ఉండాలని కొందరు పట్టుబడతారు. నాకు ఆ పట్టింపు లేదు. ఏటా నిలకడగా వస్తోందా, మన ఎండకి, మన నీళ్లకి తట్టుకుంటోందా, ఇవే చూస్తాను.

బజారులో కొన్న కాయల నుంచి గింజలు తీయవచ్చా అని ఇంకొందరు అడిగారు. పండిన టమాటా, పండు మిరప అయితే మొలుస్తాయి, ఏం వస్తుందో మాత్రం అదృష్టం. లేత వంకాయ, బెండకాయ, బీరకాయల నుంచి తీసినవి మొలవవు. లోపల గింజ ఇంకా తయారై ఉండదు.

ప్రశ్న: అమ్మా, మా పొడుగు సొర విత్తనాలు కిందటిసారి నేనే దాచాను. ఈసారి తీగకి కొన్ని గుండ్రంగా, కొన్ని మెడ వంకరగా కాసాయి. ఒక కాయ చేదుగా ఉంది. పక్కింటివాళ్ల పందిరి మీద గుండ్రటి సొర ఉంది. విత్తనం పాడైపోయిందా? నేను దాచడంలో తేడా ఉందా?

మొదట చేదు సంగతి. చేదుగా ఉన్న సొరకాయని ముక్క కూడా తినకండి, రసం అసలే తాగకండి. ఆ చేదుకి కారణమైన కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు వాంతులు, విరేచనాలు తెప్పిస్తాయి. పరిస్థితి ప్రాణం మీదకి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఉడికించినా పోవు. అందుకే కోయగానే చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూసి ఉమ్మేయడం మంచి అలవాటు. ఆ మొక్క నుంచి ఒక్క గింజ కూడా తీయవద్దు.

ఇక ఆకారం. మీరు దాచడంలో తేడా లేదు. కిందటిసారి మీ పొడుగు సొర ఆడపువ్వు మీద పక్కింటి గుండ్రటి సొర పుప్పొడి పడింది, అంతే. సొర, బీర, గుమ్మడి, కాకర, దోస జాతుల్లో మామూలుగా మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు వెనక బుల్లి పిందె ఉంటుంది, మగపువ్వుకి సన్న కాడ తప్ప ఏమీ ఉండదు. పుప్పొడి మోసేది పురుగులు. వాటికి గోడలూ గేట్లూ ఉండవు. మీ ఇంట్లో ఒకే రకం వేశాను కదా అనుకుంటే చాలదు, చుట్టుపక్కల పందిళ్లన్నీ లెక్కలోకి వస్తాయి. పొలాల్లో విత్తనానికి పండించేవాళ్లు రకానికీ రకానికీ మధ్య వందల మీటర్ల దూరం వదులుతారు. మిద్దె మీద కుండీలు పెట్టుకున్న మనకి అది కుదిరే పని కాదు. మనకి కుదిరేది చేత్తో పుప్పొడి అద్దడం.

దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్కటి వస్తే తీగజాతులన్నిటి విత్తనాలూ మీ చేతిలో ఉన్నట్టే.

సొర పువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది. బీర కూడా సాయంత్రమే. గుమ్మడి, నేతిబీర, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి. పని అంతా విచ్చుకునే ముందే మొదలవ్వాలి. సొర అయితే మధ్యాహ్నం పందిరి కిందకి వెళ్లి, ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలు చూడండి. బాగా ఉబ్బి, రేకుల కొసలు తెల్లగా బయటికి కనబడుతుంటాయి. గుమ్మడి అయితే ముందు రోజు సాయంత్రం చూడాలి, మొగ్గ కొస పసుపు తిరిగి ఉంటుంది. ఒక ఆడ మొగ్గ, రెండు మూడు మగ మొగ్గలు ఎంచుకుని కొసల దగ్గర దారంతోనో టేపుతోనో సుతారంగా కట్టేయండి, లేదా పలచటి గుడ్డ సంచి తొడగండి. ఇక పురుగు లోపలికి పోలేదు.

విచ్చుకునే వేళకి మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడి కాడని ఆడపువ్వు మధ్య భాగానికి నెమ్మదిగా రాయండి. రెండో మగపువ్వుతో కూడా రాయండి. మగపువ్వు అదే రకానికి చెందిన వేరే మొక్కది అయితే ఇంకా మంచిది. తర్వాత ఆడపువ్వుని మళ్లీ కట్టేయండి. కాడకి ఒక రంగు దారం కట్టండి, లేకపోతే నెల తిరక్కుండా ఇంట్లో ఎవరో ఒకరు ఆ కాయ కోసేస్తారు. నా మాట నమ్మండి, ఈ దారం లేకపోతే మిగతా శ్రమంతా కూరలో కలుస్తుంది.

అన్ని ఆడపువ్వులూ నిలవవు. ఎండ మరీ తీవ్రంగా ఉన్నా, తీగకి అప్పటికే ఎక్కువ కాయలున్నా పిందె పసుపెక్కి రాలిపోతుంది. ఒకటి నిలిచిందాకా ప్రయత్నిస్తూ ఉండండి. నిలిచిన కాయని తీగ మీదే వదిలేయండి. పెంకు గట్టిపడి, బరువు తగ్గి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా ముట్టుకోవద్దు. ఈలోగా తీగ కొత్త పిందెలు వేయడం తగ్గిస్తుంది. అది కూడా ముందే తెలిసి ఉండాలి. విత్తన కాయ మొక్క బలాన్ని లాగేస్తుంది, దానికి వేరే దారి లేదు. పందిరి మీద ఒక తీగని పూర్తిగా విత్తనానికే కేటాయించేవాళ్లు అందుకే.

ఏది దేంతో కలుస్తుందన్న భయం కూడా అక్కర్లేదు. సొర గుమ్మడితో కలవదు. కాకర దేంతోనూ గొడవ పెట్టుకోదు. కీర దోస ఖర్బూజాతో కలవదు. బీర, నేతిబీర మాత్రం దగ్గరి చుట్టాలు, కలిసే అవకాశం ఉంది. ఒకే పందిరి మీద రెండూ పాకిస్తే కట్టడం మానకండి.

ప్రశ్న: కీర దోస పక్కనే కాకర పాదు పెట్టాను. కీరలు చేదెక్కాయి. కాకర పుప్పొడి వల్లే అంటున్నారు. నిజమేనా?

కాదు. రెండూ వేర్వేరు జాతులు, కలవనే కలవవు. ఒకవేళ కలిసేవైనా ఈ ఏడు కాయ రుచి మారదు, ఎందుకంటే కండ తల్లి మొక్కది. పుప్పొడి ప్రభావం లోపలి గింజలో ఉండి, దాన్ని నాటినప్పుడు బయటపడుతుంది. మీ కీర చేదుకి ఎండ, నీటి ఎద్దడి చూసుకోండి. నీళ్లు ఒక రోజు ముంచేసి నాలుగు రోజులు మానేయడం దానికి గిట్టదు. కొన్ని రకాలకి ఆ చేదు పుట్టుకతోనే ఎక్కువ. పాపం కాకరని ఏమీ అనకండి.

ప్రశ్న: టమాటా గింజల్ని పులియబెట్టాలంటున్నారు. ఆ వాసనకి ఇంట్లో అందరూ నా మీద అరుస్తున్నారు. పులియబెట్టకుండా కడిగి ఆరబెడితే రాదా?

వస్తుంది. అయినా పులియబెట్టమనే అంటాను. గింజ చుట్టూ ఉండే జిగురు పొరలో మొలకెత్తడాన్ని ఆపే పదార్థాలు ఉంటాయి. పండు లోపల తడిలో ఉన్నా గింజ మొలకెత్తకుండా ఉండటానికి అది మొక్క పెట్టుకున్న తాళం. పులిస్తే ఆ పొర కరిగిపోతుంది. గింజ పైన అంటుకుని వచ్చే కొన్ని తెగుళ్ల క్రిములు కూడా తగ్గుతాయి.

బాగా మెత్తగా పండిన కాయలు కోసి, గింజల్ని రసంతో సహా గాజు గ్లాసులోకి పిండండి. నీళ్లు పోయకపోయినా సరే, పోస్తే కొంచెం. పలచటి గుడ్డ కప్పి బయట గట్టు మీదో బాల్కనీలోనో నీడలో పెట్టండి, ఇంట్లో గొడవ ఉండదు. వేడి రోజుల్లో రెండు రోజులు, చల్లగా ఉంటే మూడు. పైన తెల్లటి బూజు పొర వస్తుంది, బుడగలు వస్తాయి. అంతకు మించి ఉంచితే గింజలు గ్లాసులోనే మొలకెత్తడం మొదలుపెడతాయి. అప్పుడు నీళ్లు పోసి కలిపితే మంచి గింజలు అడుక్కి చేరతాయి, తాలు గింజలు, గుజ్జు పైకి తేలతాయి. పైదాన్ని వంచేసి, అడుగున నీళ్లు తేటగా కనిపించేదాకా కడగండి.

ఆరబెట్టేది గాజు పళ్లెం మీద, పింగాణీ మీద. కాగితం మీద వద్దు, ఊడిరావు. రోజుకి రెండుసార్లు వేళ్లతో చెదరగొట్టండి, లేకపోతే ఉండకడతాయి.

టమాటా గురించి ఇంకో మంచి మాట. ఇది చాలావరకు తన పుప్పొడితో తానే కాయకడుతుంది.  బీన్స్, బొబ్బర్లు, బఠాణీ కూడా అంతే, వాటిలో అయితే పువ్వు విచ్చుకునేలోపే ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకే కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టండి. సొరతో మొదలుపెట్టి నీరసపడిపోయినవాళ్లని చాలామందిని చూశాను. మరీ వేడిగా ఉన్నప్పుడు మాత్రం టమాటా పువ్వులో కీలాగ్రం, అంటే పుప్పొడి అందుకునే కొస, బయటికి పొడుచుకొస్తుంది, అప్పుడు పక్క రకం పుప్పొడి పడే వీలుంది. పక్కపక్కనే ఐదారు రకాలు వేసినవాళ్లు విత్తనానికి ఎంచుకున్న గుత్తికి పువ్వులు విచ్చుకోకముందే పలచటి సంచి తొడగండి.

ప్రశ్న: నేను ఏటా వంగ, బెండ విత్తనాలు దాచుకుంటాను. కాపు అంతా అయిపోయాక చివర మిగిలిన కాయలు విత్తనానికి వదిలేస్తాను. మొదట్లో ఉన్నంత కాపు ఇప్పుడు లేదు. ఆలస్యంగా కూడా కాస్తున్నాయి. మట్టి మార్చాలా?

మట్టి కాదు, మీ అలవాటు మార్చాలి. ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే దీని జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. చివర మిగిలిన కాయ అంటే ఏమిటి? ఆలస్యంగా కాసింది, లేదా గిడసబారి ఎవరూ కోయనిది, లేదా ఆకుల మాటున కంట పడనిది. ఏటా వాటి గింజలే వేస్తే ఏటా ఆలస్యంగా కాసే గుణాన్నే ఎంచుకుంటున్నట్టు. మొక్కకి మీ ఉద్దేశం తెలియదు, మీరు దేని గింజ నాటితే దాన్నే అది ముందుకి తీసుకెళుతుంది.

అందుకే నేను మొండిగా ఒకటే చెబుతాను. విత్తన కాయని మొదట ఎంచండి, మంచిదాన్ని ఎంచండి, దారం కట్టండి, ఆ తర్వాతే కూరకి కోసుకోండి. మంచి వంకాయ చూసి చేయి ఆగదు, నాకు తెలుసు. ఆగాలి.

కాయని కంటే ముందు మొక్కని చూడండి. ఒక పెద్ద కాయ కాసి ఊరుకున్న మొక్క కంటే, చివరిదాకా నిలకడగా కాసిన మొక్క మేలు. తెగులు ముట్టనిది, ఎండకి వాలిపోనిది, ఆకు ముడుచుకోనిది ఎంచండి. ఆకుకూరలైతే లెక్క తిరగబడుతుంది. తొందరగా పువ్వు వేసిన తోటకూర మొక్కని విత్తనానికి వదిలేస్తే, తొందరగా పువ్వు వేసే తోటకూరే మిగులుతుంది. అందులో ఆలస్యంగా పూసినదే ఉంచాలి.

బెండలో ఆకుల ఈనెలు పసుపెక్కే తెగులు తెల్లదోమ మోసుకొస్తుంది. అయినా ఆ మొక్కని విత్తనానికి వద్దంటాను, పక్కనే పచ్చగా నిలబడిన మొక్క ఉంటే తట్టుకునే గుణం దానిదే కదా. బీన్స్‌లో మాత్రం ఆకుల మీద మచ్చలు మచ్చలుగా వచ్చే మోజాయిక్ వైరస్ గింజ ద్వారానే తర్వాతి తరానికి పోతుంది. అలాంటి మొక్క కనబడితే విత్తనం మాట అటుంచి, పీకి పారేయండి.

ఒకే మొక్క మీద ఆధారపడవద్దు. టమాటా, బీన్స్ లాంటివి ఐదారు మొక్కల నుంచి తీసి కలిపితే ఇంటికి చాలు. పురుగుల మీద, గాలి మీద ఆధారపడేవాటికి ఇంకా ఎక్కువ మొక్కలు కావాలి, ఇరవై ఉంటే మేలు. అన్ని మొక్కలకి చోటు లేనివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రకం వేసి గింజలు కలుపుకోవచ్చు.

వంగ, మిరప, బెండ పువ్వులకి తమ పుప్పొడి సరిపోతుంది కానీ పురుగులు కూడా బాగా కలిపేస్తాయి. కారం మిరప పక్కన బజ్జీ మిరప వేసి గింజలు దాచినవాళ్లకి ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. మొగ్గ దశలోనే సంచి తొడిగితే లోపల దానంతటదే కాయకడుతుంది, రోజూ ఒకసారి కొమ్మ కదిలిస్తే చాలు. కాయ కట్టాక సంచి తీసేయవచ్చు, దారం మాత్రం ఉంచాలి.

ఎప్పుడు కోయాలంటే, వంకాయ ఊదా రంగు పోయి పసుపుగానో గోధుమ రంగుగానో మారాలి. బెండకాయ మొక్క మీదే ఎండి అంచుల వెంట పగలడం మొదలవ్వాలి. మిరప పూర్తిగా ఎర్రబడాలి. తాజాగా తీసిన వంగ గింజలు వెంటనే వేస్తే సరిగా మొలవకపోవచ్చు, కొన్ని వారాల విశ్రాంతి వాటికి అవసరం. కంగారుపడకండి.

ప్రశ్న: డబ్బాలో పోసిన బొబ్బర్లు పుచ్చిపోయాయి. మూత గట్టిగానే పెట్టాను. పురుగు ఎక్కణ్నుంచి వచ్చింది? ఈసారి ఫ్రిజ్‌లో పెట్టనా, బూడిద కలపనా?

పురుగు బయటి నుంచి రాలేదు, మీరే డబ్బాలో పెట్టి మూత వేశారు. కాయ ఇంకా మొక్క మీద ఉండగానే ఆ పెంకు పురుగు గుడ్లు పెట్టేస్తుంది. పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోతుంది, పైకి ఏమీ తెలియదు. నిల్వ చేసిన కొన్ని వారాలకి గుండ్రటి బెజ్జాలు చేసుకుని బయటికొస్తుంది.

దీనికి మంచి విరుగుడు డీప్ ఫ్రీజర్. బాగా ఎండిన గింజల్ని గాలి చొరని సీసాలో పోసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర వారం ఉంచితే గుడ్లు, పురుగులు చస్తాయి. ‘బాగా ఎండిన’ అన్న మాట దాటేయకండి. లోపల తడి ఉన్న గింజ గడ్డకట్టి చచ్చిపోతుంది. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయవద్దు, తీస్తే గాలిలోని తేమంతా చల్లటి గింజల మీద చేరుతుంది. బూడిద కూడా పనిచేస్తుంది. తేమ పీలుస్తుంది, పురుగు కదలికకి అడ్డం పడుతుంది. జల్లించి, పూర్తిగా చల్లారిన పొడి బూడిద అయితేనే.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. బీన్స్, బొబ్బర గింజని పంటితో కొరికితే గుంట పడకూడదు. సుత్తితో కొడితే చితకకూడదు, పగిలి ముక్కలవ్వాలి. గుమ్మడి, దోస గింజ వంచితే వంగకూడదు, టక్కున విరగాలి. ఎండలో పెట్టి మాడ్చవద్దు. 35 డిగ్రీలు దాటని నీడలో, గాలి ఆడే చోట పలచగా పరచండి.

గింజకి శత్రువులు ఇద్దరే, తేమ, వేడి. విత్తన శాస్త్రంలో హ్యారింగ్టన్ సూత్రం అని ఒక మోటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు, నిల్వ ఉంచే చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. కచ్చితమైన లెక్క కాదు, ఒక హద్దు దాటితే పనిచేయదు కూడా, కానీ దారి చూపిస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట నీడలో ఎన్నాళ్లు ఆరబెట్టినా ఆ తేమ గింజని వదలదు. అలాంటప్పుడు గింజలతో సమాన బరువు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) అదే సీసాలో పెట్టి వారం మూసి ఉంచండి. అది లేకపోతే బియ్యాన్ని పెనం మీద పొడిగా వేయించి, చల్లార్చి సీసా అడుగున పోసి, పైన గింజల పొట్లం పెట్టండి.

తర్వాత ఫ్రిజ్ మంచిదే, మూత బిగుతుగా ఉంటే. కాగితం కవర్లో పెట్టి కూరగాయల అరలో పడేస్తే మాత్రం బయట ఉంచిన దానికన్నా ముందే పాడవుతాయి. చీటీ మీద రకం పేరు, తీసిన నెల, ఏడాది రాసి సీసా లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి. బయటిది ఊడిపోతుంది.

ప్రశ్న: మా అత్తగారి పెట్టెలో గుడ్డ మూటల్లో విత్తనాలు దొరికాయి. ఎన్నేళ్లవో తెలియదు. మొలుస్తాయా? అన్నీ ఒకేసారి వేసి చూడనా?

ఒకేసారి వేయవద్దమ్మా. ముందు మూటల్ని వేరువేరుగా ఉంచి, ఒక్కో దానిలో పది గింజలు తీయండి. తడిపి పిండిన గుడ్డలో వరుసగా పేర్చి చుట్టి, గాలి కొంచెం ఆడే డబ్బాలో వెచ్చని చోట ఉంచండి. గుడ్డ ఆరనివ్వకండి. వారం, పది రోజుల్లో ఎన్ని మొలిచాయో చూడండి. మిరప, వంగ ఇంకొంచెం ఎక్కువ రోజులు తీసుకుంటాయి. సొర, కాకర గింజలకి అంచు కొద్దిగా గీకి రాత్రంతా నానబెట్టి చుట్టండి. పదిలో ఎనిమిది మొలిస్తే మామూలుగా వేసుకోండి. మూడే మొలిస్తే, ఆ మూడింటినీ జాగ్రత్తగా కుండీల్లోకి మార్చి, వాటి నుంచి కొత్త విత్తనం తీయడమే ఈ ఏడాది పని. వాటి కాయలు తినాలని చూడకండి.

మామూలు గదిలో పొడిగా ఉంచితే ఉల్లి గింజ ఏడాది, మహా అయితే రెండేళ్లు. బెండ రెండేళ్లు, మిరప రెండు మూడేళ్లు, బీన్స్, బొబ్బర్లు మూడేళ్లు. టమాటా, వంగ నాలుగేళ్లు దాటతాయి, దోస, గుమ్మడి జాతులు ఐదేళ్ల దాకా. పెట్టె ఉన్న గది చల్లగా, పొడిగా ఉంటే ఇంతకంటే ఎక్కువ కూడా ఆశించవచ్చు. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలిచింది. అది ఎడారి పొడి గాలి చలవ. మీ మూటల్లో ఉల్లి గింజలు ఉంటే అంత ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: నాటు విత్తనాలు నమ్మకంగా ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో నీలం స్ట్రాబెర్రీ విత్తనాలు తెప్పిస్తే ఏదో గడ్డి మొలిచింది. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పెద్ద విత్తన ఖజానా ఉందట కదా, వాళ్లని అడిగితే ఇస్తారా?

నీలం స్ట్రాబెర్రీ లేదు. ఫొటోలో రంగు మార్చారు. అసలు తోటల్లో స్ట్రాబెర్రీని ఎక్కువగా తీగ పిలకలతో పెంచుతారు, గింజలతో కాదు. ఏడు రంగుల గులాబీ విత్తనాలు కూడా ఇదే బాపతు. గడ్డి మొలిచిందని బాధపడకండి, పువ్వు వేయకముందే పీకేయండి.

స్వాల్‌బార్డ్ వాళ్లు మీకు ఇవ్వరు. 2008లో తెరిచిన ఆ ఖజానాలో మంచు కొండ లోపల మైనస్ 18 డిగ్రీల్లో విత్తనాలు ఉంటాయి. ఏ విత్తన బ్యాంకు పెట్టిన పెట్టెని ఆ బ్యాంకే తిరిగి తీసుకోవాలి. మొదటిసారి అలా తీసుకున్నది 2015లో, సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి తమ విత్తన బ్యాంకుని వాడుకోలేకపోయిన ఇకార్డా అనే పరిశోధన సంస్థ. ఆ గింజల్ని వేరే దేశాల్లో పండించి, కొంత మళ్లీ ఖజానాలో పెట్టారు. అంటే ఖజానా కూడా చివరికి ఎవరో ఒకరు మట్టిలో వేస్తేనే పనికొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా నగరం లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఉన్నప్పుడు, విత్తనాలు సేకరించి దాచే వావిలోవ్ సంస్థ శాస్త్రవేత్తలు కొందరు చుట్టూ ధాన్యం బస్తాలున్నా ముట్టకుండా ఆకలితో చనిపోయారు. ఆ సంస్థని పెంచిన నికొలాయ్ వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. విత్తనాలు ఊరికే ఇవ్వండి అని ఉత్తరం రాసి, దాచే పద్ధతి మాత్రం అడగనివాళ్లని చూసినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు. మిమ్మల్ని అనడం లేదు.

మీకు దొరికే చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. మీ వాతావరణంలోనే ఏళ్లుగా ఒకే రకం పండిస్తున్న ఇరుగుపొరుగు తోటమాలి దగ్గర దొరికే పది గింజలు, ఎక్కణ్నుంచో వచ్చిన అందమైన ప్యాకెట్ కంటే విలువైనవి. తర్వాత తోటపని చేసేవాళ్లు విత్తనాలు మార్చుకునే సమావేశాలు. ఆ తర్వాతే అమ్మేవాళ్లు. ఎవరి దగ్గర తీసుకున్నా కొన్ని ప్రశ్నలు అడగండి. ఇది ఎన్నేళ్లుగా మీరే పండిస్తున్నారు? ఈ గింజలు ఏ ఏడాదివి? పక్కన అదే జాతిలో ఇంకేం వేశారు? పువ్వులు కట్టారా? ఎన్ని మొక్కల నుంచి తీశారు? నిజంగా పండించినవాళ్లు ఈ ప్రశ్నలకి సంబరపడి అరగంట మాట్లాడతారు. కొని అమ్మేవాళ్లు చిరాకుపడతారు. తేడా అక్కడే తెలిసిపోతుంది.

ముప్పై రకాలు ఒకేసారి తెచ్చుకోకండి. మూడు చాలు. తెచ్చినవాటిలో సగమే నాటి, సగం దాచండి. మొదటి ఏడు వాన ముంచేసినా, కోతి పీకేసినా రెండో అవకాశం ఉంటుంది. మీ దగ్గర నిలదొక్కుకున్నాక కనీసం ఇద్దరికి పంచండి. మీ మొక్కలు పోయిన రోజు మళ్లీ అడిగి తెచ్చుకోవడానికి ఇంతకంటే మంచి బ్యాంకు లేదు.

ప్రశ్న: విదేశంలో ఉన్న మా అబ్బాయికి బ్యాగులో గింజలు పెట్టి పంపవచ్చా?

చెప్పకుండా పంపకండి. చాలా దేశాలు విత్తనాలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతాయి, కొన్ని రకాలు అసలు రానివ్వవు. తనిఖీలో దొరికితే గింజలు పోతాయి, జరిమానా కూడా పడవచ్చు. ఆ దేశపు నియమాలు మీ అబ్బాయినే చూడమనండి. ఆ వాతావరణంలో నిలిచే నాటు రకాలు అక్కడి తోటమాలుల దగ్గరే ఉంటాయి, అడిగి తీసుకోమనండి.

ప్రశ్న: కుండీల్లో ఎనిమిది మొక్కజొన్న మొక్కలు వేశాను. తెల్ల రకం, కంకిలో అక్కడక్కడా పసుపు గింజలు వచ్చాయి. వీటిలో తెల్లవి ఏరి విత్తనానికి ఉంచనా?

మొక్కజొన్నలో పుప్పొడి ప్రభావం ఆ ఏడు గింజలోనే కనబడుతుంది, ఎందుకంటే మనం తినేది గింజనే. గాలికి ఎక్కడిదో పసుపు రకం పుప్పొడి వచ్చి పడింది. తెల్లవి ఏరినా లాభం లేదు, పైకి తెల్లగా ఉన్నా వేరే తెల్ల రకం పుప్పొడి పడిందేమో మీకు తెలియదు. పైగా మొక్కజొన్న జాతి బలం తగ్గకుండా నిలవాలంటే వంద మొక్కలకు తగ్గకుండా విత్తనం తీయాలి. ఎనిమిది మొక్కలతో అయ్యే పని కాదు. తెల్లవీ పసుపువీ కలిపి ఉడకబెట్టుకుని తినేయండి.